పుర్రచేతివాడి గిటార్

ఒరేయ్ బక్కోడా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసెయ్, తర్వాత చదువు. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఆవకాయ పెట్టే రోజుల్లో జవాబు రాస్తున్నాను. సాకులు చెప్పను, మార్చి నెలంటే మా ఆఫీసు ఎలా ఉంటుందో నీకు తెలుసు. అమ్మకి కంటి ఆపరేషన్ బాగానే జరిగింది, ఇప్పుడు ఇంట్లో దుమ్మంతా ఆవిడకే కనిపిస్తోంది, మా ఆవిడ కష్టాలు నీకు వేరే చెప్పాలా. పాప తొమ్మిదిలోకి వచ్చింది. స్థలం గొడవ ఎక్కడిదక్కడే. వార్తలు సమాప్తం.

గిటార్ కొన్నాన్రా!

నవ్వుకో. 43 ఏళ్లకి ఇదేం పిచ్చి అంటావని తెలిసే ఫోన్లో చెప్పలేదు. కానీ కొనడం ఒక ఎత్తు, కొన్న తీరు ఒక ఎత్తు. నేను పుర్రచేతివాణ్ణని ప్రపంచం మొత్తం మర్చిపోయినా, డ్రాయింగు మాస్టారి స్కేలుకి సాక్షివి నువ్వున్నావుగా. అందుకే ఇది నీకే రాయాలి.

హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగాను. సికింద్రాబాద్‌లో ఓ సందులో పాత మ్యూజిక్ షాపు ఉందని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఉట్టి చేతులతో వెళ్లలేదు, అన్నీ చదువుకునే వెళ్లాను. పై పలక ప్లైవుడ్డా లేక ఒకే చెక్కా చూడాలి, తీగ ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) మీద మరీ ఎత్తులో ఉండకూడదు, 12వ ఫ్రెట్ దగ్గర రెండు రెండున్నర మిల్లీమీటర్లుంటే చాలు, అంతకంటే ఎత్తుంటే కొత్తవాడి వేళ్లు వారానికే సమ్మె కడతాయి. బడ్జెట్ పదివేలు. లోపలికి వెళ్లగానే కౌంటర్ కుర్రాడు ఒక నల్లటి గిటార్ దించాడు. తళతళ మెరుస్తోంది, ఒక భుజం కోసేసి ఉంది. 'ఫుల్ సినిమా లుక్ సార్' అన్నాడు. సైజేమో 38 అంగుళాలు, పెద్దవాళ్లది 41 దాకా ఉంటుంది. అది పక్కన పెట్టించి, నాది ఎడంచేయి వాటం బాబూ అన్నాను.

'నో ప్రాబ్లం సార్, స్ట్రింగ్స్ తిప్పేసి ఇస్తా, పది నిమిషాల పని. జిమీ హెండ్రిక్స్ అట్లనే వాయించిండు.'

ఎడంచేత్తో గిటార్ వాయించి ప్రపంచాన్ని ఊపేసిన హెండ్రిక్స్ పేరు చెప్పాక ఇంకేం మాట్లాడతాం! నేను పర్సు తీయబోతుంటే వెనకనుంచి ఒక గొంతు. 'హెండ్రిక్స్‌ది ఎలక్ట్రిక్ గిటార్ బేటా. సార్‌ని ఇటు పంపు.'

షాపు వెనక చిన్న గది. ఒక బల్ల, దాని మీద టేబుల్ లైటు, ముక్కలైన ఒక వయొలిన్, జిగురు వాసన. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్న ఒక పెద్దాయన. ఒకప్పుడు బ్యాండులో వాయించేవాడట, ఇప్పుడు రిపేర్లు చేస్తాడు. మన హాస్టల్ మెస్‌లో 'గోవిందా కేసు' తేల్చిన వంటాయన లేడూ, అచ్చం ఆ చూపే. మాట్లాడకుండా ఒక గిటార్ ఒళ్లో పెట్టుకుని, తీగలు వచ్చి ఆగే ఆ తెల్లటి ఎముక పట్టీ చూపించాడు. శాడిల్ అంటారు దాన్ని. తిన్నగా ఉందా సార్ అన్నాడు. నేను అంతవరకు ఎప్పుడూ గమనించలేదురా, అది వంకరగా, ఒక పక్కకి వాలి ఉంటుంది! లావు తీగ వైపు కాస్త వెనక్కి, సన్న తీగ వైపు కాస్త ముందుకి. లావు తీగని నొక్కితే శ్రుతి ఎక్కువ పెరుగుతుందట, అందుకని దానికి ఇంకాస్త పొడవివ్వాలి. తీగలు తారుమారు చేస్తే ఈ వాలు ఉల్టా అయిపోతుంది, లావు తీగ శ్రుతి పైకి పోతుంది, సన్నది కిందికి జారుతుంది. తీగలు నొక్కకుండా ట్యూన్ చేస్తే బాగానే ఉంటుంది, పై ఫ్రెట్లలో వాయిస్తే మాత్రం అపశ్రుతే. ఆయన వాయించి చూపించాడు కూడా. తీగని 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకసారి, అక్కడే ఊరికే వేలు తాకించి వదిలి ఒకసారి. రెండూ ఒకే పై షడ్జమం పలకాలి. మీ చెల్లెలు సంగీతం నేర్చుకునే రోజుల్లో మనం వరండాలో కూర్చుని విన్నది ఇన్నాళ్లకి పనికొచ్చింది, తేడా నా చెవికి కూడా తెలిసింది.

హెండ్రిక్స్ గిటార్‌లో ఒక్కో తీగకి ఒక్కో శాడిల్ విడిగా ఉంటుందట, స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు. దీనికి అది కుదరదు. పైన నట్ (మెడ చివర తీగలు కూర్చునే పట్టీ) గాట్లు కూడా అంతే, లావు తీగ మిల్లీమీటరు దాటి ఉంటుంది, సన్నది అందులో పావు వంతు. లావుది సన్న గాట్లో దిగదు, సన్నది లావు గాట్లో గిలగిల్లాడి జుమ్ జుమ్ అంటుంది. తర్వాత పళ్ల డాక్టరు అద్దంలాంటి బుల్లి అద్దం తీసి, టార్చి వేసి, గిటార్ పొట్టలోకి చూడమన్నాడు. లోపల కర్రపట్టీలు ఇంటూ గుర్తులా అడ్డంగా అతికించి ఉన్నాయి, వాటి కింద ఇంకో రెండు ఏటవాలుగా, ఒక వైపుకి మాత్రమే. అదీ కుడిచేతివాళ్ల కోసమే. ఒరేయ్, లోపల కనబడని చెక్కముక్క కూడా కుడిచేతివాళ్లదే!

సరే, అయితే కుడిచేతిదే నేర్చుకోనా అన్నాను. అసలు చర్చ అక్కడ మొదలైంది. నొక్కే పని కష్టం, అది ఎడంచేతిదే కదా, మీకు లాభమే అని కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి వాదన. అబద్ధం కాదు, డైర్ స్ట్రెయిట్స్ బ్యాండు గిటారిస్టు మార్క్ నాఫ్లర్ ఎడంచేతివాడైనా కుడివైపే వాయిస్తాడు. మెకార్ట్‌నీ (బీటిల్స్ బ్యాండువాడు) మాత్రం ఎడంచేత్తోనే. నేనూ మన లెక్క తీశాను. సచిన్ రాసేది ఎడంచేత్తో, బ్యాటు పట్టింది కుడివైపు. గంగూలీ అన్నీ కుడిచేత్తో చేసి, అన్న కిట్టు వాడుకోవచ్చని ఎడమకి తిరిగాడు. నేను మాత్రం రాసేది ఎడమ, తినేది కుడి (నాయనమ్మ ధర్మమా అని), బ్యాటింగ్... నా బ్యాటింగ్ గురించి నువ్వేం మాట్లాడకు.

పెద్దాయన అంతా విని ఒక్క మాట అన్నాడు. 'మీరు వచ్చినప్పటిసంది కౌంటర్ అద్దం మీద దరువేస్తున్నరు. ఏ చేత్తో?'

నాకు మాట రాలేదు. బకెట్ తబలా, బక్కోడా! నాలుగేళ్లు హాస్టల్లో నువ్వు పాడితే నేను బకెట్ బోర్లించి వాయించింది ఏ చేత్తో? 'వేళ్లు ఏ చేతివైనా నేర్చుకుంటయ్ సార్. తాళం ఏ చేతిల ఉంటదో అది మీటాలె' అన్నాడాయన.

ఎందుకో అప్పుడు గొంతు పట్టేసింది. ఎడంచేత్తో డబ్బిస్తే విసుక్కునే కొట్టువాళ్లు, ప్రసాదానికి చాపితే వెనక్కి నెట్టే చేతులు, ఆ స్కేలు... పోనీలే. ఇదంతా మామయ్యకి చెబితే, మృదంగంలో పళని సుబ్రమణ్య పిళ్లై అంతటివాడు ఎడంచేతివాడేనయ్యా అని వెంటనే నా పార్టీలోకి వచ్చేశాడు. ఇంట్లో నాకున్న ఏకైక ఓటు.

ఇక అదృష్టం చూడు. అటక మీద ఒక ఎడంచేతి గిటార్ ఉందట! ఎవరో ఆర్డరిచ్చి, తీసుకోకుండానే కెనడా వెళ్లిపోయారు. యమహా ఎఫ్‌జీ820, ఎడమ మోడల్. పైన సాలిడ్ స్ప్రూస్, వెనక మహాగని. తీగలు తుప్పు పట్టాయి, పెట్టె నిండా దుమ్ము. ఆయన మెడ మీద స్టీలు స్కేలు పెట్టి కన్ను మూసి చూశాడు, పై పలక ఉబ్బిందేమోనని తడిమాడు. ఆరు తీగలూ కలిసి 70 కిలోల దాకా లాగుతాయట, అంటే నీలాంటివాళ్లు ఒకటిన్నర మంది వేలాడినట్టు. ఏమీ కాలేదు. కొత్త తీగలు వేసి, శాడిల్ అడుగు కాస్త అరగదీసి, ఒక్కసారి మీటి నా చేతిలో పెట్టాడు.

ధర మాత్రం నా బడ్జెట్‌కి రెట్టింపు దాటింది, నిలవ సరుకని ఏదో తగ్గించారు. ఇందులో నష్టాలు కూడా రాస్తాను, లేకపోతే ఏకపక్షం అంటావు. ఇంక ఎవరింటికెళ్లినా వాళ్ల గిటార్ నాకు పనికిరాదు, నాది పాపకి పనికిరాదు, రేపు అమ్ముదామన్నా కొనేవాడు దొరకడు. కొనేటప్పుడు నాలుగు పక్కపక్కన పెట్టి ఎంచుకునే వైభోగమూ లేదు, ఉన్నది ఒక్కటే. ఒక సుఖం ఉంది, గురువుగారికి ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసినట్టే, ఆయన వేళ్లు ఎటో నావీ అటే. పుస్తకంలో బొమ్మలు మాత్రం తిరగేసుకోవాలి. ఈ-మైనర్ అనే తేలిక కార్డ్ (కలిపి మీటే స్వరాల జట్టు) వచ్చింది. కష్టమైన ఎఫ్ సంగతి అడగకు.

అసలు కష్టం ఎవరూ ముందు చెప్పనిది. నాకు తీగలు నొక్కేది కుడిచేయి కదా, వేళ్ల చివర్లు కోసుకుపోయి ఉన్నాయి. ఆ చేత్తోనే కొత్తావకాయ కలపాలి! మొదటి ముద్దకే కెవ్వుమన్నాను. స్పూన్ తెచ్చుకుంటే అమ్మ చూసిన చూపు నాయనమ్మదే. స్పూన్ ఏ చేత్తో పట్టుకున్నానో నువ్వే ఊహించుకో.

బావ కింద హారన్ కొడుతున్నాడు, శంషాబాద్ వెళ్లాలి, ఈ ఉత్తరమూ ఆవకాయ సీసా వాడి సంచిలోనే మస్కట్ వస్తున్నాయి. సీసా నిలువుగా పెట్టమని చెప్పాను, వింటాడో లేదో. నువ్వు ఆగస్టులో వచ్చేటప్పుడు ఒక కేపో పట్టుకురా, అక్కడ మంచివి దొరుకుతాయట. అది మెడకి బిగించే క్లిప్పు, ఏ చేతివాళ్లకైనా ఒకటే, కానీ కొనేముందు చూడు, మెడ వంపు ఉన్నదానికి... అబ్బా వస్తున్నానని చెప్పండ్రా! మిగతాది ఫోన్లో. పాట నువ్వే పాడాలి, ప్రాక్టీసు మొదలెట్టు.

నీ
పుర్రచెయ్యి