‘హార్డ్’ అని రాస్తే తప్పు, ‘హార్డ్‌లీ’ అని రాస్తే ఒప్పా?

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో ఓ పాఠశాల ఇటీవల పెట్టిన ఇంగ్లీషు పరీక్షలో ఎనిమిదో తరగతి అమ్మాయి ‘ఇట్ ఈజ్ రెయినింగ్ హార్డ్’ అని రాసింది. దిద్దినవారు ‘హార్డ్’ కొట్టేసి, పైన ఎర్ర సిరాతో ‘హార్డ్‌లీ’ అని రాసి, మార్కు తీసేశారు. అమ్మాయి రాసినదానికి అర్థం వాన జోరుగా పడుతోందని. దిద్దాక వచ్చినదానికి అర్థం వాన పడీపడనట్టు ఉందని. ఒక్క కలం పోటుతో వాన వెలిసిపోయింది! ఇదేమిటని అడిగితే ‘యాడ్వర్బ్ (క్రియావిశేషణం) అన్నాక చివర ఎల్‌వై ఉండాలి కదా’ అన్నారట.

ఆ టీచరు ఒక్కరినే అనడానికి లేదు. మన దగ్గర యాడ్వర్బ్ పాఠమంతా ఆ ఒక్క ముక్కలోనే అయిపోతుంది. క్రియ గురించి చెప్పేది యాడ్వర్బ్, స్లోకి ఎల్‌వై తగిలిస్తే స్లోలీ, అంతే. తెలుగులో ‘గా’ చేర్చి మెల్లగా, గట్టిగా, చక్కగా అంటాం కాబట్టి పిల్లలకూ ఇది ఇట్టే ఎక్కేస్తుంది. దాంతో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే గుంటలు ‘రన్నింగ్ ఫాస్ట్‌లీ’ అని ధీమాగా రాసేస్తారు. ఇంగ్లీషులో ఫాస్ట్‌కి ఎల్‌వై రాదు. విజయనగరం స్టేషన్లో రైలు ‘రన్నింగ్ లేట్’ అన్న ప్రకటన ఎన్నిసార్లు వినలేదు మనం? అక్కడ ‘లేట్’ ఉన్నది ఉన్నట్టుగానే యాడ్వర్బ్. లేట్‌లీ అంటే ‘ఈమధ్య’ అని వేరే అర్థం. రోజూ చెవిన పడే ఆ ప్రకటన కన్నా మంచి ఉదాహరణ ఏ గైడులో దొరుకుతుంది?

ఎల్‌వై సంగతి నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే తీరిపోతుంది. అసలు చిక్కు యాడ్వర్బ్ ఎక్కడ కూర్చోవాలన్నది. తెలుగులో ‘పాఠం జాగ్రత్తగా చదువుతోంది’ అంటాం, జాగ్రత్త వెళ్లి క్రియను ఆనుకుని కూర్చుంటుంది. ఆ అలవాటుతో పిల్లలు ‘షి ఈజ్ రీడింగ్ కేర్‌ఫుల్లీ ద లెసన్’ అని రాస్తారు. ఇంగ్లీషు వాడు మామూలుగా క్రియకూ కర్మకూ మధ్య దేన్నీ రానివ్వడు. ‘రీడింగ్ ద లెసన్ కేర్‌ఫుల్లీ’ అంటాడు. పని ఎలా జరుగుతోందో చెప్పే మాటల దారి ఇది. స్టిల్, ఆల్వేస్, జస్ట్ లాంటివి మాత్రం ‘ఈజ్’కూ వెయిటింగ్ లాంటి ఐఎన్‌జీ మాటకూ నడుమ దూరతాయి. ‘హి ఈజ్ స్టిల్ వెయిటింగ్.’ ఈ ఆల్వేస్‌తో ఇంకో గమ్మత్తు. ‘షి ఆల్వేస్ ఆస్క్స్ క్వశ్చన్స్’ అంటే ఆ పిల్ల అలవాటు చెప్పినట్టు. ‘షి ఈజ్ ఆల్వేస్ ఆస్కింగ్ క్వశ్చన్స్’ అంటే చాలాసార్లు అందులో కాస్త విసుగు ధ్వనిస్తుంది, మనం ‘ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది’ అన్నట్టు. ప్రోగ్రెస్ కార్డులో ఏది రాస్తున్నామో చూసుకోవద్దూ?

ఐఎన్‌జీ మాట నామవాచకం ముందుకు వస్తే కథ మళ్లీ మారుతుంది. ‘గట్టు మీద మెల్లగా నడుస్తున్న ముసలాయన’ అని తెలుగులో ఎంత పొడవైనా ముందే పేర్చేస్తాం. ఇంగ్లీషులో గట్టు కూడా వచ్చి చేరిందంటే మొత్తం మూట వెనక్కి వెళ్తుంది: ‘యాన్ ఓల్డ్ మ్యాన్ వాకింగ్ స్లోలీ అలాంగ్ ద బండ్’. ముందు నిలబడగలిగేవి హార్డ్‌వర్కింగ్, ఫాస్ట్‌మూవింగ్ లాంటి చిన్న జంటలు. ఫాస్ట్‌కూ మూవింగ్‌కూ మధ్య అడ్డగీత పెడతారు. స్లోలీ వస్తే ఆ గీత అక్కర్లేదు, ఎల్‌వై చూడగానే ఏది దేనికి చెందిందో తెలిసిపోతుంది గనక.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోగొట్టేది మన ‘బాగా’. బాగా వాన పడుతోంది, బాగా చదువుతోంది, బాగా చల్లగా ఉంది, అన్నిటికీ ఒకటే మాట. పిల్లలు దానికి వెరీ అని ఖాయం చేసుకుని ‘ఇట్ ఈజ్ వెరీ రెయినింగ్’ అంటారు. మరి ‘వెరీ ఇంట్రెస్టింగ్’ ఒప్పు ఎలా అయింది మేడమ్ అని ఓ పిల్లవాడు నన్ను నిలదీశాడు. సరైన ప్రశ్న. ఇంట్రెస్టింగ్, బోరింగ్, టైరింగ్ పూర్తిగా విశేషణాలైపోయాయి కాబట్టి వెరీని ఒప్పుకుంటాయి. రెయినింగ్, రన్నింగ్ ఇంకా క్రియలే. వాటికి హెవీలీ, ఫాస్ట్ లాంటి తోడు కావాలి. ఐఎన్‌జీ ఉన్న మాట ఏ జాతిదో తేల్చుకోవాలంటే ముందు వెరీ పెట్టి చూడమని చెబుతాను. చాలావరకు తేలిపోతుంది.

పరీక్షల గొడవలే కదా అని కొట్టిపారేయకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి రోజుల్లో మన పిల్లలే ఫోన్లో ఇంగ్లీషు హెచ్చరికలు చదివి ఇంట్లో పెద్దవాళ్లకు చెబుతుంటారు. ‘ర్యాపిడ్లీ ఇంటెన్సిఫైయింగ్’ అంటే తుపాను బలం వేగంగా పెరుగుతోందని. ఒడ్డుకు వేగంగా వచ్చేస్తోందని కాదు. ‘మూవింగ్ స్లోలీ’ అంటే హమ్మయ్య అనుకోవడానికీ లేదు, మెల్లగా కదిలే తుపాను ఒకేచోట ఎక్కువసేపు వాన కుమ్మరించవచ్చు. యాడ్వర్బ్ కింద గీత గీయడం వచ్చిన పిల్లలకు అది ఏ ఐఎన్‌జీ మాటకు చెందిందో చెప్పడం రాకపోతే ఆ గీత ఎందుకు?

గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన శ్రీకాకుళం జిల్లా మన పక్కదే. సవర మాట్లాడేవాళ్లను ఇంట్లో పెట్టుకుని, వాళ్ల నోట విని ఆ భాష నేర్చుకున్నారాయన. ఆ మీదటే నిఘంటువూ వ్యాకరణమూ రాశారు. మన బడుల్లో మాత్రం పిల్లలు ఒక్క వాక్యం పలకకముందే నిర్వచనం బట్టీ పట్టాలి.

కొత్త ఖర్చేమీ లేకుండా చేయగలిగినవి ఉన్నాయి. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. సైన్సు పాఠంలోదే ఒక వాక్యం తీసుకుని, తెలుగులో క్రియ ముందున్న ‘వేగంగా’ ఇంగ్లీషు పేజీలో ఎక్కడికి వెళ్లిందో వేలు పెట్టి చూపమంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. వారానికి రెండు వాక్యాలు చాలు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల విద్యాశాఖాధికారులు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట దీనికి కేటాయిస్తే బాగుంటుంది.

పరీక్షల్లో కూడా ‘యాడ్వర్బ్‌ను గుర్తించుము’ కాస్త తగ్గించి, ఒక ఐఎన్‌జీ వాక్యమూ ఒక యాడ్వర్బూ ఇచ్చి సరైన చోట పెట్టమని అడగాలని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) వారికి మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. ‘హి ఈజ్ స్లోలీ రికవరింగ్’, ‘హి ఈజ్ రికవరింగ్ స్లోలీ’ రెండూ ఒప్పే. ఇలాంటివి వచ్చినప్పుడు రెండు జవాబులనూ కీలో అచ్చువేసి దిద్దేవారికి ఇవ్వాలి.

ఇట్లు,
ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే ఒక పాఠకురాలు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా.