గడ్డి బండి సంగతి, నాలుగు పాత బిల్లులు

మన ఇంజిన్ రిపేరు షాపుకి ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లందరికీ,

పోయిన నెల నుంచి పర్లాకిమిడిలో ఒక మాట తిరుగుతోంది. ఫంక్షన్ హాలు వాళ్ల గడ్డి కోసే బండికి నేను 12,900 రూపాయల బిల్లు వేశానని, అంత వేసినా అది సరిగ్గా స్టార్ట్ కాలేదని, చివరికి కొత్త సామాను ఏదీ అక్కర్లేకుండానే బాగైందని. ఆ మాట పాతపట్నం దాకా పోయింది. మొన్న చవక పెట్రోలు కోసం ఆంధ్రా నుంచి ఇటు ఒడిశాలోకి వచ్చిన ఒకాయన బంకులోనే అడిగేశాడు, “ఏటి మేస్త్రీ, నిజమేనా?” అని. నిజమే. మిగతాది కూడా నా నోటనే వినండి.

ఇది సీటు మీద కూర్చుని చిన్న ట్రాక్టరులా తోలే బండి. ఒకే సిలిండరు, పెట్రోలు ఇంజిన్, 12 ఓల్టుల బ్యాటరీ. మన చుట్టుపక్కల ఐదు ఉన్నాయి, ఐదూ నా దగ్గరికే వస్తాయి. దీని జబ్బు ఏమిటంటే, కీ తిప్పగానే స్టార్టర్ మోటారు ఇంజిన్ని అర చుట్టు తిప్పి టక్కున ఆగిపోతుంది. పదిసార్లు తిప్పితే ఒకసారి ఎలాగో దాటుతుంది. దాటిందా, ఇక ఏ ఇబ్బందీ లేదు, మధ్యాహ్నం దాకా గడ్డి కోసుకోవచ్చు.

అంటే పెట్రోలు గొడవ కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమ లాగుతుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటర్ పాడవుతుంది. అప్పుడు ఇంజిన్ తిరుగుతుంది, అంటుకోదు. ఇక్కడ అసలు తిరగడమే లేదు. బ్రేకు పెడల్ స్విచ్చి, బ్లేడు స్విచ్చి, ఎలుక కొరికిన వైర్లు, ఎర్తు అన్నీ చూశాను. అక్కడిదాకా నా పనికి వంక పెట్టలేరు.

తర్వాత మీటరు పెట్టాను. కీ తిప్పకముందు 12.4 ఉన్న బ్యాటరీ, తిప్పగానే 8కి పడిపోయింది. బ్యాటరీ పోయిందన్నాను. కొత్తది వేశాం. రెండు రోజులు పర్వాలేదు, మూడో రోజు మళ్లీ టక్. అయితే స్టార్టర్ మోటారే అన్నాను. పెళ్లిళ్ల సీజను, హాలు వాళ్లు టెన్షన్‌లో ఉన్నారు, వెంటనే ఆర్డరు పెట్టేశాను.

ఇక సప్లయర్ సంగతి. పేరు రాయను. 14 ఏళ్లుగా సామాను అతని దగ్గరే. ‘అన్నా, అన్నా’ అంటాడు, నా కూతురి పెళ్లికి వచ్చి రెండు బంతులు తిన్నాడు. నాలుగు రోజుల్లో పంపిస్తానన్న మోటారు 19 రోజులకి వచ్చింది. డబ్బా కంపెనీదే, లోపల సరుకు కాదు. పాత మోటారు పక్కన పెడితే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది: బరువు తక్కువ, బోల్టు రంధ్రం ఒక నూలు పక్కకి, గేరు నాసిరకం ప్లాస్టిక్. రంధ్రం ఆకురాయితో సరిచేసి బిగించాను. అదీ నా తప్పే, ఆ రోజే తిప్పి పంపాల్సింది. ఆరో స్టార్టుకి గేరు పళ్లు రాలిపోయాయి. ఫోన్ చేస్తే “కరెంటు సామాను వాపసు లేదన్నా, మీ ఇంజిన్ జామ్ అయింది, అందుకే గేరు పోయింది” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. 30 ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్న నాకు ఫోనులో కూర్చుని ఇంజిన్ గురించి చెబుతాడా? నాలుగు మాటలు అని పెట్టేశాను.

తర్వాత తేలిందేమిటంటే అతను సగం కరెక్టే. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది.

కనిపెట్టింది నేను కాదు. గుమ్మ వైపు నుంచి వచ్చి ఎనిమిది నెలలుగా నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. ప్లగ్గు విప్పి శుభ్రం చేస్తూ ఊరికే కీ తిప్పాడు. ఇంజిన్ గిర్రున తిరిగింది, పాత మోటారుతోనే. ప్లగ్గు బిగించాడు, టక్. “డీజిల్ ఇంజిన్‌కి లివర్ ఎత్తకుండా హ్యాండిల్ తిప్పినట్టుంది కదా మేస్త్రీ” అన్నాడు. “నీ పని నువ్వు చూసుకో” అన్నాను. టీ తాగి వచ్చి హెడ్ కవరు విప్పాను.

నీళ్లు తోడే పాత డీజిల్ ఇంజిన్ తిప్పిన ప్రతి రైతుకీ ఇది తెలుసు. లివర్ ఎత్తితే వాల్వు తెరుచుకుని గాలి పోతుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివర్ దించుతాం. గడ్డి బండి ఇంజిన్లో ఆ పని దానంతట అదే జరుగుతుంది. క్యామ్‌షాఫ్టు (వాల్వులను ఎత్తే కడ్డీ) మీద చిన్న మెట్టు ఒకటి, ఇంజిన్ నెమ్మదిగా తిరిగినంతసేపు వాల్వును రవ్వంత ఎత్తి పెడుతుంది. ఆ ఎత్తడం ఎంత తక్కువంటే, ట్యాపెట్ లూజు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, కొంచెం పెరిగినా అదంతా ఆ లూజులోనే పోతుంది. వాల్వు కదలదు. స్టార్టర్ మోటారు సిలిండరులో నొక్కుకున్న గాలికి, అంటే పూర్తి కంప్రెషన్‌కి ఎదురు నిలబడాలి, నిలబడలేదు. ఇరుక్కున్న మోటారు కరెంటు విపరీతంగా లాగుతుంది, బ్యాటరీ ఓల్టులు పడిపోతాయి. నా మీటరు చూపించిన 8 అదే. అది జబ్బు వల్ల వచ్చిన జ్వరం, నేను జ్వరాన్నే జబ్బు అనుకున్నాను.

ఆ ఇంజిన్‌కి ఇన్‌లెట్ వాల్వు లూజు 0.10 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వాల్వుది 0.15 దగ్గర ఉండాలి. సందు కొలిచే రేకులు, ఫీలర్ గేజ్, పెడితే రెండూ 0.30 దాటి ఉన్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్‌లో పిస్టన్ పైకి వచ్చి ఓ 6 మిల్లీమీటర్లు కిందికి దిగాక సెట్ చేశాం. సరిగ్గా పైనే పెట్టి సెట్ చేస్తే ఆ చిన్న మెట్టు అడ్డొచ్చి లెక్క తప్పుతుంది. ముప్పావు గంట పని. పాత మోటారుతో మొదటి కీకే స్టార్ట్ అయింది. కుర్రాడు ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. హాలు ఆయన డబ్బు అడగలేదు, బండి నడుస్తోంది, ఆయనకి అదే చాలు. లెక్కలు చూసే మా బావమరిది అన్నాడు, “బావా, వాళ్లు అడగందే నువ్వెందుకు ఇవ్వడం? ఒకరికి ఇస్తే పాత బిల్లులన్నీ పట్టుకుని వస్తారు.” అదే నా భయం కూడా. ఎందుకంటే పోయిన రెండేళ్లలో ఇలాంటి బండ్లకే ఇంకో మూడింటికి నేను స్టార్టర్లు మార్చాను. ఆ మూడింటికీ ట్యాపెట్లు చూడలేదు. 11 రోజులు ఆ డబ్బు డ్రాయరులో విడిగా పెట్టి తిరిగాను. ఇస్తే 30 ఏళ్ల మేస్త్రికి ట్యాపెట్ తెలీదన్న పేరు. ఇవ్వకపోతే రోజూ ఆ కుర్రాడి ముందు తల దించుకోవడం. నా భార్య మాత్రం ఒక్కటే అడిగింది, “పేరు ఇప్పటికే పోయింది కదా, డబ్బు ఉంచుకుంటే తిరిగొస్తుందా?” అని.

పన్నెండో రోజు హాలుకి వెళ్లి మోటారు డబ్బు, మజూరీ కలిపి 9,500 ఇచ్చి వచ్చాను. బ్యాటరీకి తీసుకున్న 3,400 ఇవ్వలేదు, దాని సంగతి కింద చెబుతాను. మిగతా మూడు బండ్ల వాళ్లకి ఫోన్ చేశాను. ఇద్దరు తీసుకొచ్చారు. ఒకదానికి ఇదే జబ్బు, ఆ మోటారు డబ్బు కూడా ఇచ్చేశాను. రెండోదానికి నిజంగానే మోటారు పోయింది, పాత మోటారు దాచి ఉంచాను కాబట్టి విప్పి చూపించాను. మూడో బండి అమ్మేశారట. ఇప్పుడు ఎవరి దగ్గరుందో వాళ్లు ఒకసారి తీసుకురండి, చూసినందుకు ఏమీ తీసుకోను.

ఇక నుంచి కంప్రెషన్ దగ్గర ఆగే ఏ ఇంజిన్‌కైనా ముందు ప్లగ్గు తీసి తిప్పి చూస్తాం, ట్యాపెట్ చూస్తాం, ఆ తర్వాతే సామాను మాట. మార్చిన పాత సామాను మీ సంచిలోనే పెట్టి ఇస్తాం. ఆ సప్లయర్ దగ్గర కొనను. కంపెనీ డీలరు దగ్గర అడ్వాన్సు కట్టి తెప్పించాలి, రెండు వారాలు పట్టొచ్చు, ధర కూడా ఎక్కువే. తొందరున్నవాళ్లు బరంపురం తీసుకెళ్లండి, నేనేమీ అనుకోను. కాస్త అనుకుంటాను, అయినా వెళ్లండి. పవర్ టిల్లర్లు, వీడర్లు, బ్రష్ కట్టర్ల పని ఎప్పటిలాగే ఉంటుంది.

బ్యాటరీ సంగతి. హాలు వాళ్ల పాత బ్యాటరీ రాత్రంతా చార్జి పెట్టి, మూడు రోజులు వదిలేసి చూశాను, 12కి దిగిపోయింది. మంచి బ్యాటరీ అయితే 12.6 దగ్గర నిలబడాలి. అది ఎలాగూ పోయే బ్యాటరీయే. షాపులో కౌంటరు కిందే ఉంది, మీటరు తెచ్చుకుని ఎవరైనా చూసుకోవచ్చు.