టీవీఆర్ మళ్ళీ వస్తుందంటావా?

కోవెంట్రీ

ఒరేయ్ రాంబాబూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయే కదా? మీ నాన్నగారి మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని అమ్మ ఫోన్లో చెప్పింది. మెట్లు ఎక్కొద్దన్నారని తెలిసి కూడా మేడ మీది మొక్కలకి నీళ్ళు పోయడానికి ఆయన వెళ్తూనే ఉంటారని నా నమ్మకం. కాస్త కనిపెట్టుకుని ఉండు.

ఇక నువ్వడిగిన విషయం, టీవీఆర్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల కంపెనీ సంగతి. "టీవీఆర్ మళ్ళీ వస్తోందట కదా, అదే దేశంలో ఉండి వెళ్ళి చూడలేదా?" అన్నావు. చూడ్డానికి అక్కడ ఏమైనా ఉంటే కదరా! ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ సామెత ఇంత అతికినట్టు సరిపోయే సందర్భం నాకు మళ్ళీ దొరకదు. ఫ్యాక్టరీ లేదు, కారు లేదు, పేరు మాత్రం ఘనంగా ఉంది.

నీకు ఆ పేరంటే పిచ్చి ఎందుకో నాకు తెలుసు. కాకినాడలో ఆ మేడ మీది గేమ్ షాపులో గంటకింతని కట్టి గ్రాన్ టురిస్మో ఆడేవాళ్ళం. ఆ ఆటలో ఫెరారీ లేదు కాబట్టి మనకి దేవుడంటే టీవీఆర్ వాళ్ళ సెర్బెరా స్పీడ్ 12. నువ్వు దాన్ని ఒక్క మలుపు కూడా సరిగ్గా తిప్పలేదు, ప్రతిసారీ గోడకే. అందులో నీ తప్పేం లేదులే, అసలు కారు కూడా అలాంటిదే. 7.7 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజను. కంపెనీ యజమాని పీటర్ వీలర్ ఒకరోజు దాన్ని ఇంటికి నడుపుకుంటూ వెళ్ళి, ఇది రోడ్డు మీద తిరగాల్సింది కాదు అని తేల్చేశాడు. బుక్ చేసుకున్నవాళ్ళ డబ్బు వెనక్కి ఇచ్చేశారు. తను అమ్మబోయే కారు మరీ ఎక్కువైపోయిందని ఆపేసిన యజమాని గురించి నువ్వు ఎక్కడైనా విన్నావా?

టీవీఆర్ అంటే ఇదేరా, ఆ మనిషి తిక్క. మొదలుపెట్టింది మాత్రం ట్రెవర్ విల్కిన్సన్, 1946లో, బ్లాక్‌పూల్‌లో. అది సముద్రం ఒడ్డున జనం సెలవులకెళ్ళే ఊరు, ఎగ్జిబిషన్ గ్రౌండూ బీచీ ఒకచోట కలిపినట్టుంటుంది. కార్లంటే ఇక్కడ కోవెంట్రీ, బర్మింగ్‌హామ్. బ్లాక్‌పూల్‌లో కార్లేమిటని అప్పుడే నవ్వుకుని ఉంటారు. తర్వాత 1965లో మార్టిన్ లిల్లీ చేతికి, 1981లో వీలర్ చేతికి వచ్చింది. వీలర్ కెమికల్ ఇంజనీరు, అంతకు ముందు ఆ కంపెనీకే కస్టమర్. కారు కొనుక్కున్నవాడు కంపెనీనే కొనేశాడు!

ఆయన హయాంలో వచ్చినవే గ్రిఫిత్, కిమేరా, సెర్బెరా, టస్కన్. గొట్టాలు వెల్డింగ్ చేసిన చాసిస్ (కింది చట్రం), పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, లోపల పెద్ద ఇంజను. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఇవన్నీ ఉంటే డ్రైవరుకి లేనిపోని ధీమా వస్తుందని ఆయన వాదన. నాకు ఆ వాదన నచ్చదు. వానలో ఈ కార్లు ఎంతమందిని చుట్టూ తిప్పి కంచెల్లో పడేశాయో ఇక్కడివాళ్ళు నవ్వుతూ చెబుతారు గానీ, అది నవ్వాల్సిన విషయం కాదు. కానీ ఆ తిక్కే వాటికి అందం తెచ్చింది. ఫోమ్ దిమ్మని చెక్కుతూ ఆకారం ఇచ్చేవారు. కిమేరా ముందు భాగంలో ఇండికేటర్ పెట్టిన గుంట, వీలర్ కుక్క నెడ్ ఆ ఫోమ్‌ని కొరికితే ఏర్పడిందేనని ఒక కథ. నిజమో కాదో, వినగానే నమ్మబుద్ధేసే కథ.

మా ఆఫీసులో ఒకాయనకి కిమేరా ఉంది. నీ కోసమే ఆ మధ్య ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళేసరికి కారు జాకీల మీద ఉంది, ఆయన కింద పడుకుని ఉన్నాడు. చాసిస్ నుంచి రెండు వైపులా రెక్కల్లా బయటికొచ్చే గొట్టాలుంటాయి, వీటిని ఔట్‌రిగ్గర్లంటారు. ఈ కార్లన్నిటికీ పేరుమోసిన జబ్బు అక్కడే, తుప్పు. బాడీ ఫైబర్ కాబట్టి పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద గొట్టం మాత్రం పొరలు పొరలుగా రాలిపోతుంది. సరిగ్గా మార్చాలంటే బాడీని పైకి లేపడమే మేలు. ఆయన టార్చి వేసి, స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో గొట్టాన్నీ టకటక కొడుతూ చెవి పెట్టి వింటున్నాడు. గట్టి చోట ఖంగుమంటుంది, పాడైన చోట డొల్లగా మోగుతుంది. అన్నీ ఖంగుమన్నాయి. మనిషి మొహం వెలిగిపోయింది. తర్వాత స్టార్ట్ చేశాడు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, మారుతీ ఆల్టో కన్నా ఎత్తు తక్కువ కారు, వీధి చివర కిటికీలు మోగాయి. అందులోది రోవర్ వీ8, ఎనిమిది సిలిండర్ల ఇంజను.

"కొత్త టీవీఆర్ బుక్ చేశారా?" అని అడిగాను. "నా డబ్బు ఈ గొట్టాలకే సరిపోవడం లేదు" అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ కథంతా చెప్పాడు. కొంత నాకూ తెలిసిందే.

2004లో వీలర్ కంపెనీని నికొలాయ్ స్మొలెన్‌స్కీ అనే రష్యన్ కుర్రాడికి అమ్మేశాడు. వయసు 24. మన వయసు 24 ఉన్నప్పుడు పల్సర్ కొనాలా వద్దా అని ఆర్నెల్లు కొట్టుకున్నాం, గుర్తుందా? రెండేళ్ళు తిరిగేసరికి, 2006లో, బ్లాక్‌పూల్ ఫ్యాక్టరీ మూతపడింది. వీలర్ 2009లో పోయాడు.

2013లో లెస్ ఎడ్గర్ అనే ఆయన, మనుషుల్ని కూడగట్టుకుని, ఆ పేరు కొన్నాడు. ఈయనది వీడియో గేముల వ్యాపారం, బుల్‌ఫ్రాగ్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు. గేముల్లో టీవీఆర్ నడిపిన మనలాంటి వాళ్ళ సంగతి ఆయనకి తెలిసే ఉంటుందని నేను సరదా పడ్డాను. 2017 సెప్టెంబరులో గుడ్‌వుడ్ కార్ల పండగలో కొత్త గ్రిఫిత్ చూపించారు. కాగితం మీద లోపం లేదు. ఫోర్డ్ 5 లీటర్ల వీ8, దాన్ని కాస్‌వర్త్ అనే ఇంజన్ల కంపెనీ సానబట్టింది. 500 హార్స్‌పవర్, బరువు 1,250 కిలోలు, ధర 90,000 పౌండ్లు. తయారీకి రేసు కార్ల డిజైనర్ గోర్డన్ మర్రీ కనిపెట్టిన ఐస్ట్రీమ్ అనే పద్ధతి. పెద్ద ప్రెస్సులతో రేకు అద్దే పని లేకుండా, గొట్టాల చట్రానికి కాంపోజిట్ పలకలు అతికించడమే, కాబట్టి చిన్న ఫ్యాక్టరీ చాలు. ముందే 5,000 పౌండ్ల డిపాజిట్లు కట్టించుకున్నారు.

ఫ్యాక్టరీ వేల్స్‌లోని ఎబ్బు వేల్‌లో అన్నారు. 2002లో ఉక్కు కర్మాగారం మూతపడి దెబ్బతిన్న ఊరది. పక్కనే సర్క్యూట్ ఆఫ్ వేల్స్ అని పెద్ద రేస్ ట్రాకు వస్తుందన్నారు. 2017లో ప్రభుత్వం గ్యారంటీ ఇవ్వనంది, ట్రాకు ఆగిపోయింది. టీవీఆర్‌లో మాత్రం వేల్స్ ప్రభుత్వం 5 లక్షల పౌండ్లు పెట్టి 3 శాతం వాటా తీసుకుంది, 20 లక్షల పౌండ్ల అప్పు ఇచ్చింది. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ రాయితీ నిబంధనలు, టెండర్లు, షెడ్డు మరమ్మతులు, కోవిడ్. 2022లో మళ్ళీ ప్రకటన: ఎలక్ట్రిక్ గ్రిఫిత్, 2024లో వస్తుంది. 2024 వచ్చింది, వెళ్ళింది. ఒక్క కస్టమరుకి ఒక్క కారు అందలేదు. గుడ్‌వుడ్‌లో తిప్పిన ఆ ఒక్క కారు ఫొటోలే అందరి దగ్గరా ఉన్నవి.

ఇక్కడి అభిమానుల అనుమానం కారు బాగుండదని కాదురా. బాగానే ఉంటుందనే అందరి నమ్మకం. వాళ్ళ అనుమానం రెండు రకాలు. పెద్దవాళ్ళు "వీలర్ లేడు, బ్లాక్‌పూల్ లేదు, ఇదేం టీవీఆర్?" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. వీలర్ కొన్నప్పుడు కూడా ఆయన పాత యజమాని కాదుగా! చేతులు మారకుండా ఆ కంపెనీ ఎప్పుడుంది? కాటర్‌హామ్ వాళ్ళు 1973లో లోటస్ కంపెనీ సెవెన్ కారు హక్కులు కొని, అదే కారు ఇప్పటికీ చేస్తున్నారు, జనం కొంటున్నారు. పేరు మారినా ఎవరికీ బాధ లేదు. ఎందుకంటే కారు ఉంది. చేసే చోటుంది, వెల్డింగ్ చేసే మనుషులున్నారు.

రెండో రకం అనుమానమే నాది కూడా. డబ్బు, టైము. నా ఉద్యోగం నీకు తెలుసుగా, సీటు కింద బ్రాకెట్లు గీయడం. ఆ ఒక్క ముక్క మందం కాస్త మార్చాలంటే చాలు, లెక్కలు, శాంపిళ్ళు, క్రాష్ టెస్టు, కాగితాలు. ఆ ఖర్చు లక్షల కార్ల మీద పంచుకునే కంపెనీకి ఫర్వాలేదు. ఏడాదికి వందల్లో అమ్మేవాడు ఎవరి మీద పంచుకుంటాడు? వీలర్ కాలంలో రూల్స్ తేలిక, ఎయిర్‌బ్యాగ్ లేకుండా అమ్ముకున్నాడు. ఇప్పుడు కారు గీయకముందే ఆ ఖర్చు ఎదురుగా కూర్చుంటుంది. ఇక ఎలక్ట్రిక్ అన్నారంటే, బ్యాటరీ ఎవరో చేసినది, మోటారు ఎవరో చేసినది, కూత లేదు. మరి ఏది చూసి టీవీఆర్ అనుకోవాలి? ఆ ప్రశ్నకి వాళ్ళు జవాబు చెప్పిన దాఖలా నాకు కనపడలేదు.

బతికి బట్టకట్టిన పేర్లు లేవా అంటే ఉన్నాయి, అదీ చూడు. మీ బావమరిది హెక్టార్ మీద ఉన్న ఎంజీ బొమ్మ ఇక్కడి స్పోర్ట్స్ కారుదే. ఎంజీ అంటే ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్. వాళ్ళ చిన్న టూ సీటర్ల కోసం ఇక్కడ ఇప్పటికీ ముసలాళ్ళు ప్రాణం పెడతారు. అబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూసేశారు. లాంగ్‌బ్రిడ్జిలో మిగిలింది 2005లో కుప్పకూలింది, వేలమంది ఉద్యోగాలు పోయాయి. చైనా వాళ్ళు కొన్నారు. 2019లో గుజరాత్ హలోల్ నుంచి మనకి హెక్టార్ వచ్చింది. ఆ మధ్య సైబర్‌స్టర్ అని ఎలక్ట్రిక్ టూ సీటరు కూడా తెచ్చారు. వరస చూశావా? ముందు అమ్ముడుపోయే బండి, డబ్బొచ్చాక సరదా బండి. మా ఆఫీసాయన హెక్టార్ ఫొటో చూసి మొహం చిట్లించాడు. మీ బావమరిది మాత్రం పిల్లా పాపలతో హాయిగా అన్నవరం వెళ్ళొస్తున్నాడు.

ఇక్కడి నార్టన్ మోటార్‌సైకిళ్ళ కంపెనీ సంగతి నీకు తెలిసిందే. డబ్బు కట్టి బండి రాని జనం గగ్గోలు పెడుతుంటే, 2020లో మన చెన్నై టీవీఎస్ వాళ్ళు 1.6 కోట్ల పౌండ్లకి కొన్నారు. కొన్నవెంటనే బండ్లు కుప్పలుగా వదల్లేదు. సొలిహల్‌లో ఫ్యాక్టరీ కట్టారు, పాత మోడళ్ళని సరిచేసే పనిలో పడ్డారు. నాకు నచ్చింది అదీ. సోమలింగం సంగతి తర్వాత, ముందు పెళ్ళి చూపులు.

కాబట్టి నువ్వు అడిగిన దానికి నా జవాబు: బుకింగ్ పెడతానని మాట వరసకి కూడా అనకు. నువ్వు అన్నది నవ్వులాటకే అని తెలుసు గానీ, నీ నవ్వులాటలు క్రెడిట్ కార్డు దాకా వెళ్ళిన చరిత్ర ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని చెల్లెమ్మ అంటే నేను అడ్డు రాను. టీవీఆర్ షెడ్డులో నిజంగా చాసిస్‌లు వరసగా నిలబడ్డాయని తెలిసిన రోజు నేనే లీవు పెట్టి వెళ్ళి ఫొటోలు తీసి పంపుతాను.

మళ్ళీ చెబుతున్నాను, వేసవిలో వచ్చేయ్. మా ఆఫీసాయన నిన్ను కిమేరాలో కూర్చోబెడతానన్నాడు. "నడుపుతాడా?" అని కూడా అడిగాడు. మనవాడికి గోడలంటే ఇష్టం అని చెప్పాను. వీసా కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టు, చివరి నిమిషంలో టెన్షన్ పెట్టకు. అమ్మ నీకో ఊరగాయ జాడీ ఇస్తానంది, ఎయిర్‌పోర్టులో మూత ఊడకుండా టేపు గట్టిగా చుట్టించు.

ఉంటానురా,
నీ మురళి