రోడ్డు ప్రమాద మృతి క్లెయిములో మీరు పంపిన 3,39,000 రూపాయల ఆఫర్‌పై ఫిర్యాదు

శ్రీకాకుళం

ప్రాంతీయ మేనేజరు గారికి,
మోటారు థర్డ్ పార్టీ క్లెయిముల విభాగం.
నకలు: కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి.

విషయం: తాపీ మేస్త్రి మృతికి పరిహారం లెక్కలో తప్పులు, ఖాళీ కాగితాల మీద సంతకాలకు ఒత్తిడి గురించి.

అయ్యా,

చిలకపాలెం, రణస్థలం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద, మీ దగ్గర బీమా ఉన్న సరుకుల వ్యాను ఒక బైకును వెనక నుంచి గుద్దడంతో, దాని మీద వెళ్తున్న మా సంఘ సభ్యుడు, తాపీ మేస్త్రి, చనిపోయారు. ఆయన భార్య, తల్లి, ఇద్దరు మైనరు పిల్లలు శ్రీకాకుళం జిల్లా కోర్టులోని మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ఓ.పి. (పరిహారం పిటిషన్) వేశారు. అది నడుస్తుండగానే మీ కార్యాలయం నుంచి ఆయన భార్యకు ఒక పేజీ ఉత్తరం వచ్చింది. పూర్తి, తుది పరిష్కారంగా 3,39,000 రూపాయలు ఇస్తామని అందులో ఉంది. ఆ పేజీలోని ప్రతి అంకెనూ పరిశీలించాం. దాదాపు ప్రతిదీ తప్పే. ఒక్క తప్పయినా కుటుంబం వైపు పడలేదు, అన్నీ మీ వైపే పడ్డాయి. అందుకే ఈ ఫిర్యాదు రాస్తున్నాం. కింద ఆమె సంతకం కూడా ఉంది.

అసలు లెక్కలోకి వెళ్లేముందు ఒకటి అడుగుతాం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న అదే చట్టం 164వ సెక్షన్ ప్రకారం, తప్పు ఎవరిదో నిరూపించే పనే లేకుండా, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన మనిషి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలి. మీరు రాసిన మొత్తం దానికన్నా 1,61,000 తక్కువ. ఆ 5 లక్షలు పుచ్చుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది కాబట్టి కుటుంబం ఆ దారిన పోలేదు. వ్యాను డ్రైవరు మీద భారతీయ న్యాయ సంహిత 106(1) (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం) కింద పోలీసులు ఛార్జిషీటు వేసిన కేసులో, తప్పు చూడకుండా ఇచ్చే మొత్తానికన్నా తక్కువ అంకె మీ అధికారి చేత ఎలా సంతకం పెట్టించుకుందో మాకు అర్థం కాలేదు.

ఆదాయం సంగతి. నెలకు 9,000 అని వేశారు. అంటే రోజుకు 300. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి ప్రకటించిన కూలే 307 రూపాయలు. పలుగు, పార పట్టే పని కూలి కన్నా గోడ తూకం తప్పకుండా కట్టే మేస్త్రి కూలి తక్కువని లెక్క కట్టినవారు మా వైపు ఒక్క ఇల్లు కట్టించుకున్నా ఇలా రాయరు. ఆయన కూలి రోజుకు 900. నెలలో 20 పనిదినాలే చూపించాం. వానలు, తుఫాన్లు, సంక్రాంతి, ఊరి పండగలు, సిమెంటు రాక ఆగిన రోజులు అన్నీ నాగా కిందే తీసేశాం. అలా వచ్చినదే 18,000. మేస్త్రికి జీతం చీటీ ఉండదు, ఆదాయపు పన్ను రిటర్ను ఉండదు. అయితే ఆధారమే లేదనడం నిజం కాదు. కాంట్రాక్టరు వారం వారం బట్వాడా రాసుకున్న నోటుబుక్కు ఉంది. అందులో ఆయన పేరు ఎదుట రోజుల గీతలు, ముందుగా పుచ్చుకున్న డబ్బు, మిగిలిన బాకీ అన్నీ ఉన్నాయి. శనివారాల్లో ఫోన్‌పేలో జమ అయిన మొత్తాలు ఆ పుస్తకంలోని బట్వాడాలతో సరిపోతున్నాయి. రెండూ ట్రిబ్యునల్‌లో దాఖలై ఉన్నాయి. జీతం సర్టిఫికెట్ లేనిచోట కనీస వేతనాన్ని కొలతగా తీసుకోవచ్చు గాని అదే చివరి మాట కాదని సుప్రీంకోర్టు 2021లో చంద్ర కేసులో చెప్పింది. మీరు కనీస వేతనం దాకా కూడా రాలేదు.

వయసు దగ్గర జరిగింది ఇంకా పెద్ద తప్పు. ఆధార్ కార్డు చూసి 41 ఏళ్లని రాశారు. ఆ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. పుట్టిన రోజు తెలియనివాళ్లకు, చెప్పలేనివాళ్లకు నమోదు కేంద్రంలో అలా వేసేస్తారని పల్లెల్లో అందరికీ తెలుసు. జిల్లా పరిషత్ హైస్కూలు ఇచ్చిన టీసీ ప్రకారం చనిపోయేనాటికి ఆయనకు 38 ఏళ్లు. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదనీ, పరిహారం కేసులో స్కూలు సర్టిఫికెట్‌నే నమ్మాలనీ 2024 అక్టోబరు 24న సరోజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మూడేళ్ల తేడాకు విలువ ఎంతో మీకు బాగా తెలుసు. సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక ప్రకారం 36 నుంచి 40 ఏళ్ల వారికి గుణకం (ఏడాది నష్టాన్ని ఎంతతో హెచ్చించాలో ఆ అంకె) 15, 41 నుంచి 45 వారికి 14. అంటే ఒక ఏడాది సంపాదన మొత్తంగా పోతుంది. దాంతోపాటు, సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం సొంత పనివారికి 40 ఏళ్ల లోపు ఉంటే భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలపాలి. 40 దాటితే 25 శాతమే. మీరు ఆ 25 కూడా కలపలేదు, "స్థిరమైన ఉద్యోగం కాదు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ తీర్పు 2017 అక్టోబరు 31న వచ్చింది. స్వయం ఉపాధివారికి, నికర జీతం లేనివారికి కూడా కలపాలని అందులో స్పష్టంగా ఉంది. మేస్త్రి కూలి ఏటేటా పెరుగుతుందే తప్ప తగ్గదు.

సొంత ఖర్చుల కింద మూడో వంతు కోశారు. తల్లిని ఆధారపడినవారిలో లెక్కించకపోవడం వల్ల అలా వచ్చింది. ఆమె విధవరాలు, కొడుకు ఇంట్లోనే ఉంటారు. రేషన్ కార్డులోనూ, తహశీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణలోనూ ఆమె పేరు ఉంది. ఆధారపడినవారు నలుగురైతే కోత నాలుగో వంతే. సాహచర్యం కోల్పోయినందుకు భార్యకు మాత్రమే, అదీ 2017 నాటి 40,000 వేశారు. పిల్లలకు, తల్లికి కూడా అది వేరువేరుగా వస్తుందని 2018లో నానూ రామ్ కేసులో చెప్పారు. మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలన్నదీ ప్రణయ్ సేథీ తీర్పులోనిదే. ఆ లెక్కన తలకు 48,400, అంత్యక్రియలకు 18,150, ఆస్తి నష్టానికి (వారసులకు దక్కకుండా పోయిన ఆస్తికి) 18,150.

ఇక సగానికి సగం కోసేసిన సంగతి. బైకు మీద ముగ్గురున్నారు కాబట్టి చనిపోయిన మనిషిదీ సగం తప్పు అన్నారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రిపోర్టు మీ ఫైల్లో ఉంది, మరోసారి తీసి చూడండి. వ్యానుకు దెబ్బ తగిలింది ముందు బంపరు ఎడమ మూలన, ఎడమ హెడ్‌లైటుకు. బైకుకు దెబ్బ తగిలింది వెనక మడ్‌గార్డుకు, నంబరు ప్లేటుకు, వెనక చక్రం రిమ్ముకు. ముందు చక్రం, హ్యాండిలు, ఫోర్కు చెక్కుచెదరలేదు. పోలీసుల స్కెచ్‌లో బైకు పడిన చోటు తారురోడ్డు తెల్లగీతకు ఎడమవైపు, మట్టి అంచు దగ్గర. గీత పక్కగా తన దారిన పోతున్న బైకును వెనక నుంచి గుద్దితే, దాని మీద ఇద్దరున్నా ముగ్గురున్నా ఆ గుద్దు ఆగేది కాదు. ముగ్గురు ఎక్కడం చట్ట ఉల్లంఘనే. దానికి జరిమానా వేరు. ఆ ఉల్లంఘనే ప్రమాదానికి కారణమైందని చూపించకుండా పరిహారం తగ్గించకూడదని 2020లో మొహమ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులోనూ ముగ్గురే, అక్కడా గుద్దింది వెనక నుంచే. పైగా మా మేస్త్రి బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. నడిపినవారిది ఏదో కొంత తప్పని అనుకున్నా, వెనక కూర్చున్న మనిషి కుటుంబం ఏ ఒక్కరి నుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని 2015 ఖెన్యెయ్ తీర్పు ఉంది. కాబట్టి ఈ కోత రెండు విధాలా నిలవదు.

చివర్లో ఇంకో 2 లక్షలు తీసేశారు. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద కుటుంబానికి వచ్చిన డబ్బు అది. ఏటా 20 రూపాయలు ఆయన తన ఖాతాలోంచి కట్టుకున్న పాలసీ. మనిషి తాను ప్రీమియం కట్టి తెచ్చుకున్న బీమా సొమ్మును, గుద్దిన బండి తరఫున కట్టాల్సిన పరిహారంలోంచి తగ్గించడానికి వీల్లేదని 1998లో హెలెన్ రెబెల్లో కేసులోనే తేలిపోయింది. బీమా వ్యాపారం చేసే కంపెనీకి ఇది మేం చెప్పాల్సి రావడం బాధగా ఉంది.

సరైన లెక్క ఇలా ఉంటుంది. నెలకు 18,000కు 40 శాతం కలిపితే 25,200. నాలుగో వంతు తీస్తే 18,900. ఏడాదికి 2,26,800. దాన్ని 15తో హెచ్చిస్తే 34,02,000. నలుగురికి సాహచర్యం కింద 1,93,600, అంత్యక్రియలు, ఆస్తి నష్టం కలిపి 36,300. మొత్తం 36,31,900 రూపాయలు. దీని మీద పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కూడా ట్రిబ్యునల్ వేయవచ్చు. ఎంత శాతమన్నది జడ్జి గారి ఇష్టం. ఏడున్నర శాతమే అనుకున్నా నెలకు దాదాపు 22,700 అవుతుంది. మీ వకీలు వాయిదా అడిగిన ప్రతిసారీ మీ కంపెనీ ఖాతాలో పెరిగేది అదే.

మీ ఏజెంటునని చెప్పుకుని వచ్చిన వ్యక్తి గురించి వేరుగా రాయక తప్పదు. డ్రైవరుకు ట్రాన్స్‌పోర్టు బ్యాడ్జి (రవాణా బండి నడపడానికి వేరే అనుమతి) లేదని, కోర్టులో కంపెనీకి బాధ్యతే ఉండదని, ఇప్పుడు ఇచ్చింది తీసుకోకపోతే అదీ పోతుందని మృతుడి భార్యను భయపెట్టాడు. డ్రైవరుకు ఎల్.ఎం.వి. (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్సు ఉంది. ఆర్.సి.లో వ్యాను మొత్తం బరువు 3,000 కిలోల లోపు. 7,500 కిలోల లోపు రవాణా బండి నడపడానికి ఎల్.ఎం.వి. లైసెన్సు చాలని, వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదని 2024 నవంబరు 6న రంభా దేవి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఒకవేళ లైసెన్సులో లోపమే ఉన్నా, ముందు బాధితులకు కట్టి ఆ తరువాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోండని కోర్టులు చెప్పగలవని 2004 స్వరణ్ సింగ్ తీర్పు మీ వకీళ్లందరికీ కంఠోపాఠం. అది మీకూ మీ పాలసీదారుకూ మధ్య వ్యవహారం. దాన్ని ఆమె మీద బెదిరింపుగా వాడకూడదు.

ఆ వ్యక్తి రెవెన్యూ స్టాంపు అతికించిన ఖాళీ డిశ్చార్జి వోచరు (సొమ్ము పూర్తిగా ముట్టిందని రాసిచ్చే రసీదు), రెండు తెల్లకాగితాలు ముందుపెట్టి సంతకం చేయమన్నాడు. "ఇందులో ఏటి రాస్తారు బాబూ, ముందు అది రాసి తెండి" అని ఆమె అన్నారు. అడగవలసిన మాటే అడిగారు. పిల్లల వాటా మీద రాజీ కుదుర్చుకోవాలంటే, తల్లి ఒప్పుకున్నా సరే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు 7వ రూలు ప్రకారం కోర్టు అనుమతి ఉండాలి. ఇంటి అరుగు మీద పుచ్చుకున్న సంతకానికి విలువ లేదు. లోక్ అదాలత్‌లో రాజీకి కుటుంబం వ్యతిరేకం కాదు. అయితే అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు గనక, సరైన అంకె ముందు కాగితం మీద పెట్టకుండా ఎవరూ అక్కడికి రారు.

పద్ధతి ప్రకారం మీరు చేయాల్సింది వేరే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ఇవ్వాలి. సవివర నివేదిక అందిన 30 రోజుల్లో మీ నియమిత అధికారి 11వ నంబరు ఫారంలో, కారణాలతో సహా, ట్రిబ్యునల్‌కు తన నిర్ణయం చెప్పాలి. 2022 డిసెంబరు 15న గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా అమలు చేయమంది. మీరు ట్రిబ్యునల్‌లో ఆ ఫారం వేయలేదు. నేరుగా ఇంటికి ఒక పేజీ పంపారు. అందులో అధికారి పేరు కూడా లేదు, గీత లాంటి సంతకం మాత్రం ఉంది.

కాబట్టి ఆ ఆఫర్ లేఖను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఈ కేసుకు మీ నియమిత అధికారి ఎవరో పేరు, హోదాతో తెలపండి. ఆదాయం, వయసు, గుణకం, కోత, సాహచర్యం ఒక్కొక్కదానికీ మీరు నమ్మిన ఆధారం చూపిస్తూ 11వ ఫారం ట్రిబ్యునల్‌లో దాఖలు చేయండి. ఇంటికి వచ్చిన వ్యక్తి మీ మనిషేనా, ఖాళీ వోచరు మీ కార్యాలయం ఇచ్చిందేనా చెప్పండి. కాదంటే అదే మాట రాసివ్వండి, పోలీసులకు మేం ఇచ్చుకుంటాం. అవార్డు వచ్చాక సొమ్మును 30 రోజుల్లో, ట్రిబ్యునల్ ఆదేశం ప్రకారం, నేరుగా వారి వారి బ్యాంకు ఖాతాలకు జమ చేయండి. మధ్యలో ఎవరి చేతికీ చెక్కు ఇవ్వవద్దు.

14 రోజుల్లో జవాబు రాకపోతే బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాం. ఈ ఉత్తరాన్ని, మీ ఒక పేజీని, ఆ ఖాళీ వోచరును కుటుంబం వకీలు ద్వారా ట్రిబ్యునల్ ముందు ఉంచుతాం.

స్కూలు టీసీ, బట్వాడా పుస్తకం పేజీలు, ఇన్‌స్పెక్టరు రిపోర్టు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ నకళ్లు దీనికి జతచేశాం. అసలు కాగితాలు కోర్టులో ఉన్నాయి. వాటి కోసం ఇంటికి ఎవరినీ పంపవద్దు.

ఇట్లు,
తాపీ మేస్త్రీల సంఘం సభ్యులు, ఎచ్చెర్ల మండలం
మృతుడి భార్య (తన తరఫున, మైనరు పిల్లల తరఫున)
మృతుడి తల్లి (వేలిముద్ర)