2024-25 వార్షిక నివేదిక: ఊరు దాటినా మందు ఆగకూడదు

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు ఈసారీ ఏ లోటూ లేకుండా జరిగాయి. వాటి ఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం కాళ్లరిగేలా తిరిగింది టీబీ కోసమే. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

పోయిన వేసవిలో మన వీధి తాపీమేస్త్రి ఒకాయన రెండు నెలలు దగ్గుతూనే పనికెళ్లాడు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో సిరప్ మీద సిరప్ ఇచ్చారే తప్ప కఫం పరీక్ష చేయించమని ఒక్కరూ చెప్పలేదు. పొద్దు వాలేసరికి ఒళ్లు వెచ్చబడేది. లుంగీ నడుమున నిలవనంతగా చిక్కిపోయాడు. చివరికి మన సభ్యులిద్దరు ఒడిశాలోని మన రాయగడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ట్రూనాట్ అనే కఫం పరీక్షలో టీబీ అని తేలింది. అదే రోజు మందులు ఇచ్చారు, ఉచితంగానే.

మూడో రోజు పొద్దున్నే ఆయన భార్య ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. "బాబూ, మూత్రం ఎర్రగా వస్తంది, రక్తమేమో! మాత్రలు మానేశాడు" అని ఏడుపు. అది రక్తం కాదు. రిఫాంపిసిన్ అనే మందు వేసుకుంటే మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో వస్తుంది, దానివల్ల హాని లేదు. ఆసుపత్రిలో ఈ మాట చెప్పే ఉంటారు, కానీ ఒడియాలో. ఆయనకు ఒడియా బజారు బేరం వరకే వచ్చు. చేతికిచ్చిన కాగితమూ ఒడియాలోనే ఉంది. ఆ రోజు మాకు టెన్షన్ తగ్గేసరికి మధ్యాహ్నమైంది. మన సంఘం చేయగల పని ఏమిటో కూడా ఆ రోజే తెలిసింది. మందులున్నాయి, డాక్టర్లున్నారు. మనవాళ్లకు అందనిది మాట.

ఆ వారమే పెద్ద అక్షరాలతో ఒక తెలుగు కాగితం తయారుచేసి, ఆసుపత్రి వాళ్లకు చూపించి సరిచేయించుకున్నాం. మందు ఎలా వేసుకోవాలి, మూత్రం రంగు ఎందుకు మారుతుంది, కళ్లు పచ్చబడినా వాంతులు ఆగకపోయినా వెంటనే ఎక్కడికి రావాలి, అంతే రాశాం. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కర్లేదనీ రాశాం. టీబీ గాలి ద్వారా వస్తుంది, అన్నం కంచం ద్వారా కాదు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, కిటికీ తెరిచి ఉంచడం ముఖ్యం.

రెండో చిక్కు రైలుతో వచ్చింది. మనలో చాలామంది పనుల కోసం పార్వతీపురం, విజయనగరం, విశాఖ వెళ్తుంటారు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు: మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. కానీ కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. బాగైపోయిందనుకుని సంచి సర్దుకుని రైలెక్కేస్తారు. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి, అప్పుడు వైద్యం ఇంకా కష్టం. ప్రతి టీబీ పేషెంటుకూ ప్రభుత్వ రికార్డులో నిక్షయ్ నంబరు అని ఒకటి ఉంటుంది. వెళ్లేముందు ఆసుపత్రిలో చెప్తే, ఆ నంబరు మీదే పక్క రాష్ట్రంలో కూడా మందులు అందుకోవచ్చు. ఈ సంగతి మేం కలిసినవాళ్లలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ నంబరును ఆధార్ జిరాక్స్ వెనక రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తున్నాం.

సంఘం డబ్బు దీనికి పెడితే మన వీధికి టీబీ వీధి అని పేరొస్తుందని, ఆడపిల్లల సంబంధాలు చెడతాయని కొందరు పెద్దలు మీటింగులో అన్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. అయినా ఈ విషయంలో వారితో ఏకీభవించలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 8 లక్షల మందికి టీబీ వచ్చింది, 12.5 లక్షల మంది చనిపోయారు. జబ్బుపడ్డవారిలో నాలుగో వంతుకు పైగా మన దేశంవారే. 2015లో దేశంలో ప్రతి లక్ష మందికి 237 మందికి కొత్తగా వచ్చేది, 2023 నాటికి అది 195కి దిగింది. తగ్గుతోంది, కానీ దాచుకుంటే తగ్గదు. దాచినంత కాలం ఆ ఇంట్లో పిల్లలు అదే గాలి పీలుస్తుంటారు.

తిండి గురించి ఒక మాట. ఝార్ఖండ్‌లో టీబీ పేషెంట్ల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చేసిన అధ్యయనం 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అలా ఇచ్చిన ఇళ్లలో మిగతావారికి టీబీ రావడం 39 శాతం తగ్గింది. ప్రభుత్వం పేషెంటుకు నెలకు ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1000 చేసింది, చాలా మంచి పని. దానికి తోడుగా మనం ఏడు ఇళ్లకు బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు ఇస్తున్నాం. మొదట్లో పేషెంటుకని ఇచ్చిన గుడ్లు పిల్లలే తినేసేవారు. తల్లి పెట్టకుండా ఎలా ఉంటుంది? అందుకని ఇంటిల్లిపాదికీ లెక్కేసి ఇవ్వడం మొదలుపెట్టాం.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. ఈసారి ఆ తేదీనే మన హాల్లో టీబీ పరీక్షల శిబిరం పెట్టాం. పొద్దున ఆడవాళ్లు రాలేదు. సాయంత్రం ఇళ్లకు వెళ్లి పిలిస్తే వచ్చారు. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లను ప్రత్యేకంగా పిలిచాం.

తాపీమేస్త్రి కోర్సు పూర్తయింది, మళ్లీ పనిలోకి వెళ్తున్నాడు. కానీ ఒక కుర్రాడి విషయంలో మేం ఓడిపోయాం. మూడో నెల మందులో ఉండగా హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు వైపు పనికెళ్లాడు, మాకు చెప్పలేదు. ఫోన్ కలవడం లేదు. అతని నిక్షయ్ కాగితం మా బీరువాలోనే ఉంది. అటువైపు మీకు చుట్టాలుంటే ఈ ఆదివారం దినుసుల సంచులు కట్టడానికి వచ్చినప్పుడు నాతో ఒకసారి మాట్లాడండి.

ఇట్లు,
కార్యదర్శి