ఉప్పలపాడుకి మైకు వద్దు మంత్రిగారూ

ఉప ముఖ్యమంత్రి, అటవీ, పర్యావరణ, పంచాయతీరాజ్ శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

నేను గుంటూరు వాణ్ణి. ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు రాలేదు. అమ్మా నాన్నా ఉద్యోగాలకి వెళ్తారు కాబట్టి పగలంతా మా దగ్గరే ఉంటుంది. దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళగలిగిన చోట్లు ఈ చుట్టుపక్కల బహు తక్కువ. సినిమా హాలు కుదరదు, పెళ్ళి కుదరదు, తిరనాళ్ళ సంగతి అడగొద్దు. కుదిరేది పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు, పక్షుల చెరువు. దాని గురించీ, అలాంటి మిగతా చోట్ల గురించీ ఈ ఉత్తరం.

అక్కడ పెద్ద అడవేం లేదు. ఊళ్ళో చెరువు, నీళ్ళలో తుమ్మచెట్లు, వాటి మీద గూళ్ళు. గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులనే కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు. సీజన్లో వెళ్తే నీచు వాసన గుప్పున కొడుతుంది. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది, పిల్లకి మాత్రం ఆ వాసన పట్టదు. దానికి పడనిది చప్పుడు. లారీ హారన్ వినబడితే చాలు, రెండు చేతులూ చెవుల మీదకి పోతాయి. మరీ ఎక్కువైతే ఉన్నచోటే కూలబడుతుంది. అలాంటి పిల్లకి పక్షుల గోల ఎంత ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకో మరి. పెయింటెడ్ స్టార్కు పెద్దదయ్యాక గొంతుతో పెద్దగా అరవదు, ముక్కు టకటకా కొట్టుకుంటుంది. అది వినబడగానే మా పిల్ల గోటితో రెయిలింగు మీద టకటకా కొడుతుంది. ఆపుతుంది. మళ్ళీ కొంగ కొట్టేదాకా అటే చూస్తూ ఉంటుంది. ‘నీ వంతు, నా వంతు’ అన్నది థెరపీ సెంటర్లో నేర్పడానికి ఎంత అవస్థ పడతారో ఏ తల్లినైనా అడగండి, చెబుతుంది.

అందుకే ఎకో టూరిజం అన్న మాట పేపర్లో కనబడినప్పుడల్లా నాకు టెన్షన్. డెవలప్‌మెంట్ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది సౌండ్ బాక్సు, తర్వాత సెల్ఫీ పాయింటు. విజయవాడలో ఒక పార్కుకి ఆదివారం పూట తీసుకెళ్ళాం. గేటు దగ్గర్నుంచీ పాటలు, మధ్యలో మైకులో అనౌన్స్‌మెంట్లు. పిల్ల దారిలోనే పడుకుని ఏడుస్తుంటే చుట్టూ చేరినవాళ్ళలో ఒకాయన ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. పెంపకం గురించి ఇంకొకావిడ సలహా. అవి అలవాటే లెండి.

మైకు పక్షులకీ మంచిది కాదు. గూడు మీదున్న కొంగ బెదిరి లేచిపోతే గుడ్లకీ పిల్లలకీ కాకులు కాచుకునే ఉంటాయి. ఎండపూట తల్లి రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకి నీడపడుతుంది, అది లేచిపోతే ఆ నీడా పోతుంది. కాబట్టి మా పిల్ల కోసం కొత్తగా నిశ్శబ్దం తయారుచెయ్యనక్కర్లేదు, పక్షుల కోసం ఎలాగూ కాపాడాల్సిందే. సెలవుల్లో జనం వస్తారు, రానివ్వండి. వారంలో ఏదో ఒకరోజు పొద్దున్న రెండు గంటలు మాత్రం ఇలాంటి పిల్లలకి కేటాయించండి. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ చూపిస్తే క్యూలో నిలబెట్టకుండా లోపలికి పంపండి.

రెయిలింగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మాతోపాటు అప్పుడప్పుడు ఇంకో కుటుంబం వస్తుంది. వాళ్ళబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, వీల్‌చైర్లోనే ఉంటాడు. నడిచే మనిషికి నడుం దగ్గర ఉండే కమ్మీ, కూర్చున్న పిల్లాడికి సరిగ్గా కళ్ళకి అడ్డం వస్తుంది. చెరువంతా ఎదురుగా ఉన్నా వాడికి కనబడేది ఇనప కమ్మీ. అలాగని ఎక్కడా కంచె తీసెయ్యమని అడగను. ఆటిజం ఉన్న పిల్లలు చాలామందికి నీళ్ళంటే విపరీతమైన ఆకర్షణ, లోతు భయం ఉండదు. చెయ్యి వదిలించుకుంటే నేరుగా నీళ్ళలోకే. కంచె సందు లేకుండా ఉండాలి, కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తులో అడ్డ కమ్మీ బదులు గట్టి వల ఉండాలి. వాచ్ టవర్లకి ఎలాగూ మెట్లే ఉంటాయి. కింద కూర్చుని చూసే చోటు ఒకటి బాగుంటే టవర్ ఎక్కకపోయినా నష్టం లేదు. బాట మీద కంకర పరిస్తే వీల్‌చైర్ ముందు చక్రాలు కూరుకుపోతాయని ఇంజినీర్లకి ఒక్కమాట చెప్పండి.

ఇక బాత్రూం. పన్నెండేళ్ళ అబ్బాయిని వాళ్ళమ్మ లేడీస్ వైపు తీసుకెళ్తే ఊరుకోరు, మనవరాల్ని నేను జెంట్స్ వైపు తీసుకెళ్ళలేను. ఆ వయసులోనూ డైపర్ వాడే పిల్లలున్నారు. పసిపిల్లల బల్ల మీద వాళ్ళు పట్టరు, కారు వెనక సీటే గతి. కారు లేనివాళ్ళ సంగతి మీరే ఆలోచించండి. ఆడా మగా తేడా లేకుండా కుటుంబమంతా వాడుకునే గది ఒకటి, లోపల మనిషి పడుకోగలిగిన బల్ల, నీళ్ళు, గడియ. వినడానికి చిన్న విషయం. ఇది లేకే చాలా కుటుంబాలు గంటసేపు కూడా బయట ఉండలేక ఇంటిదారి పడతాయి.

దయ చూపమని రాయడం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ రెండూ ఉన్నాయి. అందరితో సమానంగా వినోదంలో పాల్గొనడం హక్కేనని ఆ చట్టం 29వ సెక్షన్లో ఉంది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చాలదు, తప్పనిసరి చెయ్యాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఇవన్నీ మీ అధికారులకి తెలిసినవే. చెరువు పంచాయతీదనీ, పక్షులు అటవీ శాఖవనీ ఫైలు అటూ ఇటూ తిరగాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేదు, రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి.

కొల్లేరులోని ఆటపాక పక్షుల కేంద్రం అయినా, ఉప్పలపాడు అయినా, కొత్తగా ప్లాను గీసేముందు మాలాంటి కుటుంబాలని ఒక నాలుగింటిని పిలిపించి, వీల్‌చైర్‌తో సహా ఆ బాట మీద నడిపించి చూడమనండి. ఎక్కడ ఇరుక్కుంటుందో కాగితం మీద తెలియదు. మేం ఏ రోజు రమ్మన్నా వస్తాం, ఆదివారం తప్ప.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక తాతయ్య