చిరుసంచి వెంట మనిషి కూడా రావాలి

అయ్యా,

విశ్వవిద్యాలయాల ఆచార్యులు, సిబ్బంది కొత్త సాంకేతికతను పల్లెలకు చేరుస్తున్నారంటూ మీరు వేసిన వ్యాసం చదివాను. డ్రోన్ ఫోటో బాగుంది. డ్రోన్ మీద నాకు కోపమేమీ లేదు. కిందటేడు కిరాయికి తెప్పించి మందు కొట్టిస్తే ఎకరం పది నిమిషాల్లో అయిపోయింది. ముప్ఫయ్యేళ్లు వీపున డబ్బా మోసినవాణ్ణి, దాని విలువ నాకు తెలుసు. కానీ అంత పెద్ద వ్యాసంలో చిరుసంచి ఊసే లేకపోవడం వల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొత్త వరి వంగడం పరిశోధనా కేంద్రం మళ్లలో నెగ్గాక, విడుదలకు ముందు కొందరు రైతులకు కొద్దికొద్దిగా విత్తనం ఇచ్చి సాగు చేయిస్తారు. దాన్నే చిరుసంచి అంటాము. ఆ దశలో వంగడానికి ముద్దు పేరేమీ ఉండదు. ఊరి అక్షరాలు, పక్కన ఒక నంబరు, అంతే. ఎంటీయూ అంటే మార్టేరు, బీపీటీ అంటే బాపట్ల, జేజీఎల్ అంటే జగిత్యాల, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. ఎంటీయూ 7029కి స్వర్ణ అని, బీపీటీ 5204కు సాంబ మసూరి అని, ఎంటీయూ 1010కి కాటన్‌దొర సన్నాలని, ఆర్‌ఎన్‌ఆర్ 15048కి తెలంగాణ సోన అని పేర్లు తర్వాత వచ్చాయి. స్వర్ణ గోదావరి జిల్లాలు దాటి ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లింది. సాంబ 1986లో విడుదలైంది. అగ్గి తెగులుకూ ఎండాకు తెగులుకూ ఇట్టే లొంగుతుంది, పంట కాలం అయిదు నెలలు, గాలివాన వస్తే పడిపోతుంది. అయినా మా డెల్టాలో దాన్ని వదలలేదు. కారణం అన్నం. ఈ సంగతి తూకాల పట్టికలో కనిపించదు.

ఆరేళ్ల క్రితం నాకొక సంచి ఇచ్చారు. రెండు కిలోలు. సాంబ పక్కనే పది సెంట్లలో నాటాను. కేంద్రం నుంచి ఒక ఫీల్డ్ అసిస్టెంట్ వచ్చేవాడు, సొంత బండి మీదే. చదరపు మీటరు ఇనప చట్రం చేలో పడేసి, అందులో ఎన్ని కుదుళ్లు, కుదురుకు ఎన్ని కంకులు అని వంగి లెక్కపెట్టేవాడు. జోళ్లు గట్టు మీద విడిచి బురదలోకి దిగేవాడు. ఆ చట్రం ఒక మూల వంకరపోతే మా పశువుల పాకలోనే రాయితో కొట్టి సరిచేసుకున్నాడు. దిగుబడి సాంబను మించింది, చేను పడిపోలేదు. నేను సంబరపడ్డాను.

తర్వాత బియ్యం పట్టించాము. నాలుగు రోజుల తర్వాత అతను ఇంటికే వచ్చి, నన్ను అడగకుండా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ‘పిన్నిగారూ, అన్నం ఎలా ఉంది?’ అన్నాడు. మా ఆవిడ మొహమాటం లేని మనిషి. ‘పొద్దున బాగానే ఉంటోంది బాబూ. పొలానికి క్యారేజీ కట్టి పంపితే మధ్యాహ్నానికి బిరుసెక్కుతోంది. రాత్రి మిగిలింది పొద్దున చద్దికి పనికి రావడం లేదు’ అంది. అతను ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా పుస్తకంలో రాసుకున్నాడు. ‘చద్ది’ దగ్గర ఆగి, కింద గీత కూడా గీశాడు. ఇంకో నాలుగిళ్లలోనూ ఇదే చెప్పారని వెళ్తూ వెళ్తూ అన్నాడు. ఆ నంబరు మళ్లీ మా ఊరి వైపు రాలేదు. విడుదలై ఉంటే మొదటి ఏడాది అందరమూ ఎగబడి వేసి, రెండో ఏడాది కొనే మిల్లరు లేక తల పట్టుకునేవాళ్లము. ఆగిపోయిన వంగడం ఎవరికీ వార్త కాదు. విశ్వవిద్యాలయం చేసిన మేలు అందులోనూ ఉందని నా లెక్క.

ఆ అబ్బాయి పదోన్నతి మీద వేరే చోటికి వెళ్లాడు. అతని కుర్చీలోకి ఇంకొకరు రాలేదు. శాస్త్రవేత్తలను తప్పుపట్టను. ఒక్కొక్కరు బోధన, పరిశోధన, రైతు సదస్సులు, పైనుంచి అడిగే నివేదికలు అన్నీ నెత్తిన వేసుకుని తిరుగుతున్నారు. కిందటి ఖరీఫ్‌లో మళ్లీ సంచి ఇచ్చారు, మనిషి మాత్రం రాలేదు. కోతలయ్యాక ఫోనుకు ఒక ఫారం వచ్చింది. దిగుబడికి ఒక గడి, తెగుళ్లకు ఒక గడి, రుచికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. చద్దన్నం గురించి రాయడానికి చోటు లేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఖాళీగా ఉన్న క్షేత్ర సిబ్బంది పోస్టులను డ్రోన్ల కంటే ముందు నింపమనండి. అందాకా ఆ ఫారంలో ‘ఇంట్లో వండినవారి మాట’ అని నాలుగు వరుసలు ఖాళీగా వదలమనండి. మీ విలేకరి ఈసారి చిరుసంచి వేసిన పొలానికి వస్తే గట్టు దగ్గర ఆగిపోకుండా మా వంటింటి దాకా రావాలి.

ఇంతకీ ఆ ఫారం నింపింది మా మనవడు. రుచికి అయిదుకు నాలుగు నొక్కాడు. వాడు గుంటూరు హాస్టల్లో తింటున్నాడు, ఆ బియ్యం మెతుకు కూడా వాడి నోట పడలేదు.

ఇట్లు,
కృష్ణా డెల్టా వరి రైతు